కాగితంలోని బరువు

హనుమక్కా,

ఫోన్‌లో చెబితే పక్కనున్న అమ్మ వింటుందని రాస్తున్నాను.

మా షేకు పాత విమానం ఒకటి కొన్నాడు. ఎవరో సామాన్లు తెప్పించుకుని ఇంటి దగ్గరే బిగించుకున్నది, రెండే సీట్లు. పెద్ద ఇంజనున్నది ఇంకోటీ చూశాడు గానీ, దాని ముక్కు బరువెక్కువని వద్దనుకున్నాడు. ఈ చిన్న ఇంజనుది తేలికే, కాకపోతే ఇక్కడి ఎండల్లో ఇద్దరి బరువు లెక్క దాటితే సరిగా లేవదట. కొడుకులు ఎక్కేది లేదన్నారు. దాంతో కొనే ముందు, పక్క సీట్లో కూర్చోబెట్టుకోవడానికి, కారు తోలే నన్ను బరువెంతని అడిగాడు.

ఎవరేమడిగినా కాగితంలో ఉన్నదే చెప్పాలని వచ్చేటప్పుడు ఏజెంటు నేర్పాడు కదా. తొమ్మిదేళ్ల కిందటి మెడికల్ కాగితంలోని యాభై ఎనిమిదే చెప్పాను. అది నమ్మి కొన్నాడు.

తర్వాత ఇక్కడి అబూ హమూర్ బజారులో తూకం మిషనెక్కితే డెబ్బై రెండు. ఆ మాట చెబితే షేకు నవ్వాడు. "భయపడి అబద్ధమాడుతున్నావు. కాగితం నేనూ చూశా. మాఫీ ముష్కిల్, ఏం కాదులే."

పది రోజులుగా ఒంటిపూటే తింటున్నాను. ఒక్క కిలో తగ్గింది. ఎల్లుండి శుక్రవారం ఎగరాలి.

ఈ ఉత్తరం చేరేలోపు నా ఫోన్ వచ్చి ఉంటే దీన్ని చింపెయ్. రాకపోతే, అమ్మకు నువ్వే చదివి వినిపించు.

నీ తమ్ముడు