ఒక్క గీత, సంతకం, తేదీ

పటాన్‌చెరు,
ఆగస్టు 11

రమ్యా, నా తల్లీ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు రెండుసార్లు "ఇంకేంటమ్మా" అన్నావు. రెండుసార్లూ ఏం లేదన్నాను. ఉంది. పది నిమిషాల ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకని లంచ్ టైములో ల్యాబులో కూర్చుని రాస్తున్నాను. అకాడమీలో ఉత్తరాలు ఇప్పటికీ పంచుతారన్నావుగా. ఇది మాత్రం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

మూడేళ్ళ కిందట, నువ్వు ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, డిఫెన్స్ అకాడమీ దరఖాస్తు నింపడానికి సంగారెడ్డి బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకి వెళ్ళాం. నువ్వు ఫొటో దిగడానికి పక్క షాపుకి వెళ్తూ, "ఎయిర్‌ఫోర్స్ మొదటి ఛాయిస్ పెట్టించమ్మా, మర్చిపోకు" అన్నావు. కంప్యూటర్ ముందున్నతను "ఫస్ట్ ఏం పెట్టాలె మేడం?" అని అడిగాడు. ఆర్మీ అన్నాను. అడిగిందే తడవుగా, ఏ మాత్రం తడబడకుండా. ఎయిర్‌ఫోర్స్ చివరిది పెట్టించాను. నువ్వు తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. తరవాత ఆర్మీకి ఎంపికైనప్పుడు, "పోనీలేమ్మా, నా ర్యాంకు అక్కడిదాకానే వచ్చింది" అన్నావు. నేను తల ఊపాను. నిన్ను నేనే ఆపాను.

భయపడ్డాను రమ్యా. మా మందుల ప్లాంటున్న గడ్డపోతారం మీదుగా దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానాలు తిరుగుతాయని నీకు తెలుసు. పైపైకి వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది. కాసేపటికి మళ్ళీ వస్తుంది. మా ప్లాంటులో ఎవరూ తల కూడా ఎత్తరు. నేను మాత్రం చేతిలో పిపెట్ పక్కన పెట్టి, చప్పుడు మళ్ళీ వినబడేదాకా ఆగేదాన్ని. అది నీ కోసం పడ్డ భయమా, నా ప్రాణం కుదుటపడడానికి నేను చేసుకున్న ఏర్పాటా అని అడిగితే, ఇప్పటికీ చెప్పలేను.

ఎమ్మెస్సీ చదివి, ఇరవై ఏళ్ళుగా ఇతరుల తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నదాన్ని. మా రికార్డులో తప్పు పడితే చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత గీసి, కింద రాసింది కనబడేలా ఉంచి, పక్కన సంతకం, తేదీ వేయాలి. చిన్నప్పుడు నీ హోంవర్కులోనూ అలాగే దిద్దించేదాన్ని, మీ టీచర్ నవ్వేది. నా తప్పు దగ్గరికొచ్చేసరికి మూడేళ్ళు పెన్ను తియ్యలేదు.

ఇప్పుడు తీయించింది యాదన్న. మా గేటు దగ్గర సెక్యూరిటీ, పదిహేడేళ్ళు పటాలంలో చేసొచ్చిన మనిషి. మొన్న నీ సంగతి అడుగుతుంటే నోరుజారి అంతా చెప్పేశాను. అతను నవ్వాడు.

"గింతదానికి పరేషానెందుకు మేడం? ఆర్మీల హెలికాప్టర్లు లెవ్వా ఏంది? గవి నడిపేది గూడ పైలట్లే. దానికి గా మిషన్ పరీక్ష ఒకటుంటది, జిందగీల ఒక్కపారే. బిడ్డ అది ఇయ్యనే లేదు గద. ఇగ రంది దేనికి?"

రమ్యా, నీ ఛాన్స్ ఇంకా మిగిలే ఉంది. వచ్చే ఏడు ఆఖరి శిక్షణకి వెళ్ళినప్పుడు డెహ్రాడూన్‌లో ఏ విభాగం కావాలో అడుగుతారట. హెలికాప్టర్లని రాయి. నన్ను ఎంతైనా తిట్టు, కానీ రాయి.

మీ అమ్మ
సత్యశ్రీ


ఖడక్‌వాస్లా,
ఆగస్టు 20

అమ్మా,

నీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. కోపంతో కాదు, చూస్తే నీకే తెలుస్తుంది.

ఆ దరఖాస్తు నేను ఆ సాయంత్రమే చూశాను. దిద్దుకోవడానికి తరవాత వారం గడువిచ్చారు. ఎయిర్‌ఫోర్స్‌ని మొదటికి మార్చేశాను. నీతో వాదించే ఓపిక లేక చెప్పలేదు. ఆర్మీ వాళ్ళలాగే ఇంటర్వ్యూ బెంగళూరులో అని చెప్పి, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళది జరిగే మైసూరు వెళ్ళాను. ఇంటర్వ్యూ అయితే గట్టెక్కాను, ఆర్మీ వచ్చింది దాని వల్లే. ఆ తరవాత మిషన్ పరీక్ష. తెర మీద ఒక చుక్క ఉంటుంది, చేత్తోనూ కాళ్ళతోనూ దాన్ని మధ్యలో నిలపాలి. నా చుక్క నిలవలేదు. బయటికొచ్చాక ఒక ఆఫీసర్, మర్యాదగానే, దీనికి ఇంక రావడానికి ఉండదు, తెలుసు కదా అన్నారు. తెలుసు. హెలికాప్టర్లకైనా అదే పరీక్ష. యాదన్నకి చెప్పు, ఆ ఒక్కపారి అయిపోయిందని.

అంతవరకే అయితే నీకు ఎప్పుడో చెప్పేదాన్నేమో. ఫలితాలొచ్చిన రోజు నీ ముఖం చూశాను. నన్ను ఆపింది నువ్వేనని అనుకుంటున్నావని అర్థమైంది. నేను ఓడిపోయానని చెప్పడం కంటే నిన్ను అలా అనుకోనివ్వడమే సులువనిపించింది. సెలవులకి వచ్చినప్పుడల్లా, అడక్కుండానే గుత్తి వంకాయ చేసేదానివి. ఎందుకు చేస్తున్నావో తెలిసే తిన్నాను.

డెహ్రాడూన్‌లో సిగ్నల్స్ విభాగం అడుగుతాను. ఇష్టమేనా అని మాత్రం ఇప్పుడే అడక్కు. నాకూ తెలీదు.

రమ్య


పటాన్‌చెరు,
సెప్టెంబర్ 1

రమ్యా,

నాలుగు రోజులు కోపంగా ఉన్నాను. మొన్న ఫోన్ మీ నాన్నకిచ్చేసింది అందుకే. నా చేత ఆ తప్పు అన్నేళ్ళు మోయించావని కోపం. తరవాత ఆ మైసూరు ప్రయాణం గుర్తొచ్చింది. నీకప్పుడు పదిహేడేళ్ళు. రైల్లో ఒక్కదానివే కూర్చుని, ఇంట్లో ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చి ఉంటావు. దిగగానే ఎలా జరిగిందని కూడా నేను అడగలేదు. జవాబు నాకు తెలుసనుకున్నాను.

నువ్వు తిప్పి పంపిన కాగితం చూశాను. "నిన్ను నేనే ఆపాను" మీద ఒక్క గీత, పక్కన నీ సంతకం, తేదీ. కింద మాట చదవడానికి వస్తోంది, మా ల్యాబులో ఎవరూ అంత శుభ్రంగా గీయరు. "నీ ఛాన్స్ ఇంకా మిగిలే ఉంది" మీద ఇంకొకటి. అక్కడ పెన్ను కాసేపు ఆగినట్టుంది, సిరా చుక్క పడింది. "భయపడ్డాను" జోలికి మాత్రం పోలేదు. అది ఉండనీ. కాగితం నా దగ్గరే ఉంచుకుంటాను.

యాదన్నకి చెప్పాను. అంతలో విమానం వచ్చింది. ఎప్పట్లాగే పైకి వెళ్ళింది, చప్పుడు ఆగింది. "ఎవల బిడ్డనో" అన్నాడు, తలెత్తి. మళ్ళీ చప్పుడు వినబడేదాకా ఇద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం.

సెలవులు ఎప్పటినుంచో రాయి. ఏం వండాలో కూడా ఈసారి నువ్వే రాయి.

అమ్మ