చిన్నాయన పాట, నా కేక

ఒక్క మాటైనా చెప్పకుండా చచ్చిపోయి నాకు అన్యాయం చేశావు, చిన్నాయనా. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

ఊరంతా దయ్యం పాటలని వెక్కిరించిన నువ్వెప్పుడూ వినే ఆ పాత హెవీ మెటల్ రాక్ ఆల్బమ్‌ను ఇన్నేళ్లకు ఫోన్లో మొత్తం విన్నాను. ఎంత గొప్పగా ఉంది! ఆ డ్రమ్ములు గద్వాలలో నేను పనిచేసే పత్తి జిన్నింగు మిల్లులాగే ఆగవు. మెషిన్లో చెయ్యి పోతుందేమోనన్న భయంతో గొంతుదాకా వస్తే నేను రోజూ మింగేసే కేకను ఆ పాడేవాడు బయటికే వేశాడు. వాడితోపాటు నేనూ వేశాను.

నానమ్మ అదిరిపడింది. "నీకు గూడ పట్టిందిరా! శనివారం అంజన్న గుడిల నిద్ర చేపిస్త."

"దయ్యం కాదే ముసల్దానా, పాట!"

"మీ చిన్నాయన గూడ గట్లనే అన్నడు. గుడిల పండి వచ్చినంక సల్లబడ్డడు."

నువ్వు చల్లబడలేదు, చిన్నాయనా. పాటతోపాటు మాటా మానేశావు. ఏడాది తిరక్కుండా పోయావు. నాకు భయమేస్తోంది. శుక్రవారం పొద్దుగూకేలోపు చెప్పు: గుడికి పోనా, కేక వేస్తూనే ఉండనా?