వేలితో వంచిన దారి

మంగళవారం.

ఫోనును దారి అడిగేవాడు కూడా ఒక డ్రైవరేనా? ముప్పై ఏళ్లు ఆదోని పత్తి లారీలు తోలిన నన్ను పక్కన పెట్టుకుని, ఎమ్మిగనూరుకు దారి ఆ గాజు పలకను అడుగుతాడు మా అల్లుడు. వ్యానులో నూలు ఉంది. మధ్యాహ్నానికి చేరకపోతే అక్కడ అల్లుడింట్లో మగ్గాలు ఆగిపోతాయి.

"మామా, యేలుతో లాగితే ఈ మ్యాపులో గీత నీ దారికే వంగుతాది. యాడ పోవల్లో సెప్పు" అన్నాడు.

"దారి వంగేదేందప్పా, అది సేమియానా? సేలల్లో బండిబాట ఉండాది, ఆడికి లాగు" అన్నాను.

నిన్నటి వానకు నానిన నల్లరేగడిలో వ్యాను ఇరుసుదాకా దిగబడింది. ఆ బాటలో నేనెప్పుడూ ఎండాకాలంలో తప్ప పోలేదని అప్పుడు గుర్తొచ్చింది. ట్రాక్టరు వచ్చి లాగేసరికి పొద్దు వాలింది.

ఇంటికి చేరేసరికి మగ్గాలు ఆగి ఉన్నాయి. "ఆ బురదదారి ఎవురు సెప్పినారు?" అని నా కూతురు అరిచింది.

అల్లుడు నా వైపు చూడకుండా, "ఫోను తప్పు సూపించింది" అన్నాడు.

"అవునమ్మా, దాన్ని నమ్మొద్దని సెప్తానే ఉండా" అన్నాను నేను.

థూ. ఆ పలకకైనా నోరు లేదు. ఉన్న నోటితో నేనన్న మాట అది.