మిషనుకి చేసిన మర్యాద

జంగారెడ్డిగూడెం దగ్గర మా ఊరు,
12-8-2008

డాక్టరమ్మ సత్యవాణి గారికి, కోపంగా ఉన్నా నమస్కారం పెట్టే రాస్తున్నాను.

మలేరియా కనిపెట్టే కొత్త మిషను మంచిదో కాదో తేల్చాలని మా వీధిలో నలభై మంది రక్తం తీయించారు. మిషనేమో నలభై మందికీ ఉందంది. ఇరవై ఏళ్ళుగా మా ఆసుపత్రిలో రక్తం చూస్తున్న వీరబ్రహ్మం ఇద్దరికే ఉందన్నాడు. అందుకని అతన్ని బదిలీ చేస్తారటగా! తప్పు మిషనుదేనండి. ఆ రోజు నుంచి గంటకోసారి నా మెడా, మా కోడలి మెడా పట్టుకు చూస్తున్నాను. "అత్తయ్యగారూ, అన్నమన్నా తిననివ్వండి" అంటోంది పిల్ల. అతన్ని కదిపితే మాలో ఒక్కరూ వేలు చాపరు.

ఇట్లు,
భయపడుతూనే తగ్గని
అప్పాయమ్మ

తా.క.: మిషను తెచ్చి మా వీధిలోనే దిగిన ఇంజినీరు గారికీ ఉందంది మీ మిషను. ఆయన రత్తమ్మ కొట్లో పెసరట్టు మీద పెసరట్టు లాగిస్తున్నారు.

రాజమండ్రి,
18-8-2008

అప్పాయమ్మ గారికి నమస్కారాలు.

మిషను రక్తాన్ని ఫొటోలు తీసి, అందులో మలేరియా పురుగుల్ని తనే లెక్కపెడుతుంది. దానికి కళ్ళు అలసిపోవు, వీరబ్రహ్మం గారికి అలసిపోతాయి. ఒకరి ఫలితం ఒకరికి తెలియనివ్వం, పరీక్ష పద్ధతే అది. ముప్ఫై ఎనిమిది మందిని వదిలేసిన మనిషిని ఎలా ఉంచమంటారు?

మీ శ్రేయస్సు కోరే
డా. సత్యవాణి

తా.క.: ఆసుపత్రి గుమ్మంలో పీట వేసుక్కూర్చుని జనాన్ని వెనక్కి పంపకండి.

23-8-2008

డాక్టరమ్మ గారికి, పీట మీంచే రాస్తున్నాను.

ఒకే గదిలో పనిచేసేవాళ్ళకి మాటల్లేకుండా చేస్తారా? ఇదేం పద్ధతండీ? మిషనుకి మేమేం తక్కువ చేశాం? వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టాం. రక్తాన్ని బోసిగా పంపకూడదని, దాని వంతు గాజు పలకలు ఆరబెట్టినప్పుడు అన్నిటికీ నేనే కుంకుమ బొట్టు పెట్టాను. వీరబ్రహ్మం వంతు వాటికి పెట్టలేదు. అతను పాతవాడే కదా! ఇంత మర్యాద చేస్తే మా మీదే చెబుతుందా?

ఇట్లు,
పీట తియ్యని
అప్పాయమ్మ

తా.క.: ఇంజినీరు గారి పలకకి రెండు బొట్లు పెట్టాను. పెళ్ళి కావలసిన మనిషి.

4-9-2008

అప్పాయమ్మ గారికి, తల పట్టుకుని రాస్తున్నాను.

మిషను మీ కుంకుమ రేణువుల్ని పురుగులనుకుంది! అందుకే సోమవారం మళ్ళీ అందరి రక్తం రెండు బల్లల దగ్గర తీయించాం, మిషనుకి ఒకటి, వీరబ్రహ్మం గారికి ఒకటి. ముప్ఫై తొమ్మిది మంది విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. పదిహేడో నంబరు చీటీకి మాత్రం మిషను ఉందంది, ఆయన లేదన్నారు. మిషను చూసిన గాజు పలకను ఇక్కడి పెద్ద డాక్టరు గారు చూసి, ఉందన్నారు. ఆ పదిహేడో నంబరు మీరే. వెంటనే మాత్రలు మొదలుపెట్టండి. రోగం ఉన్న మనిషిని వదిలేశారు గనక బదిలీ ఆపలేను, క్షమించండి.

డా. సత్యవాణి

తా.క.: బొట్లు పెట్టవద్దని గోడకి కాగితం అంటించాం. దానికి బొట్టు పెట్టకండి.

9-9-2008

డాక్టరమ్మ గారికి, మాత్ర మింగి రాస్తున్నాను.

అతని తప్పు కాదండి. మొదటి బల్ల దగ్గర గుచ్చించుకునేసరికి నాకు కళ్ళు తిరిగాయి. రెండో బల్ల దగ్గర నా చీటీ ఇచ్చి మా ఆయన్ని కూర్చోబెట్టాను. నర్సమ్మ నంబరు చూసిందే గానీ మనిషిని చూడలేదు. ఆయనకి చెవులు వినపడవు, తన వంతు రెండూ అయ్యాక మూడోసారి ఎందుకు గుచ్చుతున్నారో అడగలేదు. వీరబ్రహ్మం లేదన్నది ఆయన రక్తాన్ని చూసి!

నిన్న, మాత్ర ముట్టకముందే, వెళ్ళి నా వేలే ఇచ్చాను. ఎవరిదో చెప్పకుండా నర్సమ్మ పలక పెట్టింది. చూసీ చూడగానే "ఉంది, వెంటనే మాత్రలివ్వండి" అన్నాడు వీరబ్రహ్మం. ఆ పలక ఇందులోనే పెడుతున్నాను, మీ పెద్ద డాక్టరు గారికి చూపించండి. అప్పుడూ ఎవరినో ఒకరిని బదిలీ చెయ్యాలంటే నన్ను చెయ్యండి. ఎక్కడికో ముందే చెప్పండి, నాకు బస్సు పడదు.

ఇట్లు,
రోగమున్నా తగ్గని
అప్పాయమ్మ

తా.క.: మా ఆయనకి మలేరియా లేదని మీ పరీక్షలో మూడుసార్లు తేలింది. తనంత గట్టిగా ఆరోగ్యం తేలిన మనిషి ఈ జిల్లాలోనే లేరని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నారు.