సంతకం పెట్టిన తెల్లకాగితం

అన్నం కుక్కర్ల ఉంది. పప్పుచారు జర వేడి చేసుకో. నీ యూనిఫాం ఇస్త్రీకిచ్చిన, పోయి తెచ్చుకో. నేను పిల్లను తోలుకొని ధర్మపురికి, మా అవ్వ దగ్గరికి పోతున్న. సోమవారం బడి టైంకే వస్త.

ఇగ నీ ఎమ్మే సంగతి. పోలీసు అధికారులకు నాయకత్వం నేర్పే చదువని ఎస్సై కొలువు చేసుకుంటనే దూరవిద్యల చేరినవ్. మంచిదే అనుకున్న. కొండగట్టు బందోబస్తుల నిలబడి నీ కాళ్లు వాచినయని జాలిపడి రెండు అసైన్‌మెంట్లు నేనే రాసిచ్చిన. మూడోదానికి ఏం చేసినవ్? పన్నెండు తెల్లకాగితాల కింద సంతకాలు చేసి, బల్ల మీద పడేసి డ్యూటీకి పోయినవ్. స్టేషన్‌ల రైటర్‌కు గట్లనే ఇస్తవ్, ఆయన నింపుకుంటడు. నేను నీ రైటర్నా? పొద్దంత బడిల పాఠాలు చెప్పి వచ్చేదాన్ని నేను గూడ!

అసలు ప్రశ్న చదివినవా? "కింది సిబ్బంది మీద పనిభారం పడకుండ అధికారి ఏం చెయ్యాలె?" చదివితే సిగ్గయితుండె.

పదకొండు కాగితాలు బల్ల మీదనే ఉన్నయ్, కూసొని రాసుకో. పన్నెండోది గిదే. దీంట్ల గిట్ల రాస్తున్న: "నా చదువు నేనే చదువుకుంట. సోమవారం సంది పిల్లకు టిఫిన్ డబ్బ నేనే కడ్త." కింద సంతకం నీదే. చదవకుండ పెట్టినవ్ గదా, ఇప్పుడు చేసి చూపెట్టు.

నీ సంతకం పక్కన ఇంత జాగ మిగిలింది. కాళ్ల మందు అల్మారల ఉంది. అది పూసుకున్నంకనే రాయ కూసో.