తడి సంచి బరువు

సత్యం అన్నా,

ఈ ఏడాది మన ఫిషింగ్ క్లబ్ చివరి పోటీ ఇవాళ అయిపోయింది. పొద్దుటినుంచీ ఒకటే వాన. నువ్వు కూర్చునే చోటు ఖాళీగానే వదిలేశారు. నాకు మూడు చిన్న చేపలు పడ్డాయి, అంతే.

కిందటేడు కప్పు నేను గెలిచాను కదా, అది నీదన్నా. చేపలు తూసేముందు, సంచి బరువు కలవకుండా, ఖాళీ తడి సంచిని కాటాకి తగిలించి సున్నా చేయాలని నాకు నేర్పింది నువ్వే. నీ చేపలు తూసినప్పుడు అలాగే చేశాను. నా వంతు వచ్చేసరికి కాటా ఆఫ్ అయిపోతే, మళ్ళీ ఆన్ చేసి, నేరుగా చేపలున్న సంచే తగిలించేశాను. తప్పు తట్టేసరికి నువ్వు అంకె రాసేసి, నా చేపల్ని సరస్సులోకి వదిలేస్తున్నావు. అప్పుడైనా నోరు తెరవలేదు. నువ్వు ఓడిపోయిన తేడా ఆ సంచి బరువంత కూడా లేదు.

ఏప్రిల్‌లో నువ్వు పోయావు. ఇవాళ పోటీ అవగానే కప్పు పట్టుకుని పార్సిప్పనీలో మీ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి, వదినకి అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆయనకి ఆ రోజే తెలుసయ్యా. 'వాడే చెప్తాడులే' అన్నారు."

ఆ పోటీ తర్వాత కూడా ప్రతి ఆదివారం నన్ను కార్‌లో ఎక్కించుకుని సరస్సుకి తీసుకెళ్ళావు. ఫ్లాస్కులోంచి టీ పోసి చేతికిచ్చి, "ఇంకేంటి, చెప్పరా" అనేవాడివి.

నేనేమో వీసా గురించి చెప్పేవాణ్ణి.