మా వీధి గొట్టం, మా అమ్మ ముక్కు

గ్యాసు గొట్టాల భద్రతా నియంత్రణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధిలో తుప్పుపట్టిన గ్యాసు గొట్టం మార్పించుట గురించి, మా అమ్మ ముక్కును ప్రభుత్వ విధుల నుండి తప్పించుట గురించి.

ఇదే వీధిలో చిల్లులు పడిన గిన్నెలకు మాట్లు వేసుకుని బ్రతుకుచున్న నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా వీధి కిందనున్న ఇనుప గొట్టం మా నాన్న పెళ్ళికి ముందు వేసినది. నాన్న పోయారు, గొట్టం ఉన్నది. పాత గొట్టాలన్నీ మార్చవలెనని తమ శాఖ నిబంధన పెట్టినందుకు కృతజ్ఞులము. గడిచిన ఏడాదిలో లీకులు ఎక్కువ నమోదైన వీధికి ముందు, ఏమీ నమోదు కాని వీధికి చివర అని అదే నిబంధనలో ఉన్నది. మా వీధి అన్నింటికంటే చివర ఉన్నది. అందుకు కారణం మా అమ్మ.

2. తమ తనిఖీదారు గారు నెలనెలా వచ్చేవారు. లీకు పట్టే మీటరు మాత్రం వారితో వచ్చేది కాదు. అడిగితే, "అది చాలా ఖరీదైందండీ, బయట తిప్పితే పాడవుతుంది. మీ అమ్మగారి ముక్కుకి ఏమవుతుంది?" అన్నారు. వీధి మొదట్లో పాలు పొంగితే వీధి చివరనున్న మా అమ్మకు తెలిసేది. గ్యాసులో ఎలాగూ కుళ్ళిన కంపు కలుపుతారు కనుక, ఆయన మా అమ్మను గొట్టం పొడవునా నడిపించి, ఆమె ముఖం చిట్లిస్తే లీకు అనీ, చిట్లించకపోతే క్షేమం అనీ రాసుకునేవారు. మొదట్లో ఆమె పట్టిచ్చిన చోటల్లా అతుకులు కూడా వేశారు. కాదనను.

3. మా అమ్మ జీవితమంతా ఇళ్ళలో అంట్లు తోమింది. ఎవరూ ఆమెకు కుర్చీ వేయలేదు. తనిఖీదారు గారు వేయించారు. "పెద్దమ్మగారూ, తమరు చెబితేనే రాస్తాను" అనేవారు. ఆయన వచ్చే రోజు ఆమె ఉతికిన చీర కట్టుకుని, పొద్దుటి నుంచే గుమ్మంలో కూర్చునేది. వీధివాళ్ళు మీటరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

4. కిందటేడు ఆమెకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. ఈమధ్య ఒకనాడు ఆమె పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా పాలు ఇగిరి, గిన్నె మాడి నల్లబడింది. నా భార్య పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, వాసన రాలేదా అత్తయ్యా అని అడిగింది. అమ్మ తల దించుకుని, "జ్వరంతోనే పోయిందే. చెబితే ఇంక నన్నెవరు పిలుస్తారు?" అంది. ఏడాదిగా ఆమె ముఖం చిట్లించలేదు. ఏడాదిగా మా వీధి క్షేమంగా ఉన్నది.

మిగతావారికి ముక్కుల్లేవా అని తమరు అడగవచ్చును. ఉన్నవి. కంపు కొడుతున్నదని చెప్పిన వారినల్లా, మీటరమ్మ కంటే మీకు ఎక్కువ తెలుసా అని తనిఖీదారు గారు నోరు మూయించారు. మురుగుకాలవ కాబోలని మేమూ సరిపెట్టుకున్నాము.

5. ఈ సంగతి విన్నవించుటకు తమ కార్యాలయానికి వెళ్ళగా గుమాస్తా గారు ఓపికగా విన్నారు. "ముక్కు పోయిందని మేం రాసుకుంటే ఏడాది రిపోర్టులు తప్పని ఒప్పుకున్నట్టే కదండీ. కాబట్టి మీ అమ్మగారి ముక్కు బాగానే ఉంది" అన్నారు. అమ్మకు ఈ మాట చెబితే సంతోషిస్తుందని కూడా అన్నారు.

6. పక్క వీధిలో దర్జీ, ఆయన భార్య పొద్దున్నే టీ పెట్టుకోవడానికి అగ్గిపుల్ల గీశారు. గోడలు కూడా మిగల్లేదు. నెల తిరక్కుండా ఆ వీధికి పసుపుపచ్చ ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. ప్రారంభానికి తమరే విచ్చేశారు. రిబ్బను కత్తిరించడానికి కత్తెర దొరక్క ఎవరో పరుగెత్తి బజారులో ఉన్న ఆ దర్జీ దుకాణంలోది తెచ్చి ఇచ్చారు. బాగా తెగింది. మా వీధివాళ్ళందరం చప్పట్లు కొట్టాము. కుళ్ళుకున్నాము కూడా.

7. మా వంతు ఎప్పుడని గుమాస్తా గారిని అడిగితే, ప్రాణనష్టం జరిగిన వీధి దానంతటదే జాబితాలో మొదటికి వస్తుందని, అందుకు అర్జీ కూడా అక్కర్లేదని సెలవిచ్చారు. ఆ మాట వీధిలో చెప్పడం నా బుద్ధి తక్కువ. అప్పటి నుంచి కిరాణా కొట్టాయన మా అమ్మ ఆరోగ్యం రోజూ అడుగుతున్నాడు. ఎదురింటావిడ, "పెద్దవయసు కదా, అన్నీ చూసేసింది" అని నా భార్యతో అన్నది. ఎవరూ తప్పుగా మాట్లాడలేదు. అందరికీ పిల్లలున్నారు. నాకూ ఒక కూతురున్నది.

8. నాది మంటతో పని. కొట్టు మూసేశాను. ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదు. చుట్టుపక్కల ఇళ్ళలో మాత్రం వెలుగుతూనే ఉన్నవి. ఒక్కొక్క ఇంట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడగానే నా భార్య పిల్లను దగ్గరకు లాక్కుంటుంది. అయ్యా, ఇలా ఎంతకాలం?

కావున తమరు దయయుంచి, ఆ మీటరును ఒక్కసారి బీరువాలోంచి తీయించి మా వీధిలో పెట్టించవలెను. మా అమ్మ ముక్కు చచ్చిపోయినదని తమ శాఖ ఒప్పుకొనవలెను. మేము చావకముందే ఈ అర్జీని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మాట్లు వేసేవాడు, మీటరమ్మ కొడుకు

తా.క.: ఇదంతా అమ్మ నాచేత చదివించుకుని విన్నది. గొట్టం మా ముందుగది కిందుగా పోతుంది. ఈ పొద్దున ఆమె తన మంచం అక్కడికి లాక్కుంది. మమ్మల్ని ముగ్గురినీ మా అక్క ఇంటికి వెళ్ళి నాలుగు రోజులు ఉండి రమ్మంటోంది. అగ్గిపెట్టెలన్నీ నేను జేబులో వేసుకుని తిరుగుతున్నాను. తమరిని ఒక మాట అడగమంది. "అయ్యగారూ, నేనొక్కదాన్నే అయితే లెక్కలోకి వస్తుందా, దర్జీ వాళ్ళలాగా ఇద్దరు కావాలా?"

వస్తుందని మాత్రం జవాబు రాయకండి. తమ శాఖ మాటంటే ఆమెకు ఇంకా గురి.